పద్నాలుగు టెస్టులు, ముప్పై ఏడు రోజులు: సిస్టమ్ కాల్ టెస్టుల రివ్యూలో నా అనుభవం

జులై 10, గురువారం సాయంత్రం ఆరు దాటాక మా కెర్నల్ ప్యాచ్, అంటే కోడ్‌లో ఒక చిన్న మార్పు, మెయిన్ బ్రాంచ్‌లో (అందరూ వాడే అసలు కోడ్‌లో) కలిసింది. నా చేతికి రివ్యూకి వచ్చింది జూన్ 3న. మధ్యలో 37 రోజులు. ఇచ్చిన రోజు హైదరాబాద్ నుంచి ఫోన్‌లో మా లీడ్ సార్ అన్న మాట ఇంకా గుర్తుంది: "టెస్టులే కదమ్మా, కోడ్ నేను చూసేశాను, నువ్వు టెస్టులు చూసి ఓకే పెట్టెయ్, రెండు రోజుల పని." ఆయన నిజంగానే అలా అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం. దాని టెస్టుల రివ్యూ మొదటిసారి చేతికొచ్చినవాళ్ళకి ఇందులో ఏముంటుందో ముందే తెలిస్తే నాలాగా రాత్రుళ్ళు మేలుకోనక్కర్లేదని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఆఫీసు విశాఖలో, రుషికొండ ఐటీ హిల్స్ మీద. పాత విండోస్ ప్రోగ్రాములను లినక్స్ మెషిన్ల మీద నడిపించే పొర ఒకటి తయారు చేస్తాం. ఫ్యాక్టరీల్లో దీని అవసరం చాలా ఉంది, ప్రోగ్రామ్ రాసిన కంపెనీ ఎప్పుడో మూతపడినా మెషిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అలాంటి ప్రోగ్రామ్ ఒక్కోసారి లైబ్రరీ జోలికి పోకుండా నేరుగా సిస్టమ్ కాల్ చేసేస్తుంది, అంటే ఫలానా నంబర్ పని చేసిపెట్టమని కెర్నల్‌నే అడుగుతుంది. ఆ నంబర్లు విండోస్‌వి, లినక్స్‌లో అవే నంబర్లకి అర్థాలు వేరు. కాబట్టి ఆ కాల్‌ని కెర్నల్ గుమ్మం దగ్గరే ఆపి మన చేతికివ్వాలి. 2021లో 5.11 కెర్నల్‌తో వచ్చిన సిస్‌కాల్ యూజర్ డిస్పాచ్ చేసేది అదే పని, అది వచ్చిందే వైన్ అనే సాఫ్ట్‌వేర్‌తో లినక్స్ మీద ఆడే విండోస్ గేముల కోసం. మనం ఒక బైట్ చిరునామా కెర్నల్‌కి ఇస్తాం, దాన్ని సెలెక్టర్ అంటారు. అందులో 0 ఉంటే కాల్ మామూలుగా వెళ్ళిపోతుంది, 1 ఉంటే కెర్నల్ దాన్ని ఆపి మన ప్రోగ్రామ్‌కే సిగ్‌సిస్ అనే సిగ్నల్ పంపుతుంది. ఫలానా చిరునామాల మధ్యనున్న కోడ్ నుంచి వచ్చే కాల్స్‌ని మాత్రం ముట్టుకోవద్దని కూడా చెప్పొచ్చు. మేం వాడేది 6.12 కెర్నల్. దాని మీద మా కుర్రాడొకడు చిన్న ప్యాచ్ రాశాడు, ఏ థ్రెడ్‌లో (ఒకే ప్రోగ్రామ్‌లో విడివిడిగా నడిచే పాయల్లో దేనిలో) ఎన్ని కాల్స్ ఆపామో లెక్కపెట్టడానికి. దానితోపాటు 14 టెస్టులు. శ్రీకాకుళం నుంచి వచ్చాడు, చేరి ఎనిమిది నెలలు, నన్ను అక్కా అంటాడు. ఆ 14 టెస్టులే నాకొచ్చినవి.

జూన్ 4, 5 రెండు రోజులూ బిల్డ్‌కే, అంటే కోడ్‌ని నడిచే కెర్నల్‌గా మార్చడానికే పోయాయి. ఎవరూ ముందు చెప్పని ఖర్చు ఇది. నా లాప్‌టాప్‌లో మొదటి బిల్డ్‌కి 52 నిమిషాలు పట్టింది, డిస్క్‌లో 24 జీబీ మింగేసింది. వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) కూడా పెట్టుకునేసరికి 8 జీబీ ర్యామ్ చాలక మౌస్ కూడా కదల్లేదు. శనివారం దాకా ఆగలేక ఆ సాయంత్రమే డాబాగార్డెన్స్ వెళ్ళి 16 జీబీ ర్యామ్ కొనుక్కొచ్చాను, 3,400 రూపాయలు, సొంత డబ్బు. ఆఫీసులో అడిగితే ఇచ్చేవాళ్ళేమో, కానీ అప్రూవల్‌కి ఎన్ని రోజులు పడుతుందో మా ఆఫీసులో పనిచేసేవాళ్ళందరికీ తెలుసు. ఒక్క మాట: రెండోసారి నుంచి ఒకటి రెండు ఫైళ్ళే మారతాయి కాబట్టి మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, మొదటి 52 నిమిషాలు చూసి భయపడొద్దు.

టెస్టులు చదివే ముందు నా సొంతంగా ఒక ఇరవై లైన్ల ప్రోగ్రామ్ రాసి చూశాను. సెలెక్టర్‌లో 1 పెట్టి ఒక కాల్ చేశాను, "బ్యాడ్ సిస్టమ్ కాల్" అని ఒక్క ముక్క చెప్పి ప్రోగ్రామ్ చచ్చిపోయింది. గంటన్నర పట్టింది కారణం తెలియడానికి. సిగ్నల్ హ్యాండ్లర్, అంటే సిగ్నల్ వస్తే నడిచే ఫంక్షన్, పని ముగించి వెనక్కి రావాలన్నా ఒక సిస్టమ్ కాలే చేయాలి, సిగ్‌రిటర్న్ అని. సెలెక్టర్‌ని నేను తిరిగి 0 చేయలేదు కాబట్టి ఆ వెనక్కొచ్చే కాల్‌ని కూడా కెర్నల్ ఆపేసింది. అప్పటికి హ్యాండ్లర్‌లోనే ఉన్నాం, సిగ్‌సిస్ మూసి ఉంది, మూసి ఉన్న సిగ్నల్‌ని బలవంతంగా పంపాల్సి వస్తే కెర్నల్ ప్రోగ్రామ్‌ని చంపేస్తుంది. కాబట్టి హ్యాండ్లర్‌లో సెలెక్టర్‌ని 0 చేసి మరీ రావాలి. ఈ గంటన్నర వృథా అనుకున్నాను గానీ వారం తర్వాత నన్ను గట్టెక్కించింది ఈ ఒక్క సంగతే.

జూన్ 6, శుక్రవారం. ఆఫీసు సర్వర్ మీద 14 టెస్టులూ నడిపాను. మూడు సెకన్లలో పద్నాలుగు "ఓకే" లైన్లు. మనసు తేలికైపోయింది. పేర్లు కూడా చక్కగా ఉన్నాయి, ప్రతి టెస్ట్ మీదా రెండేసి లైన్ల వివరణ ఉంది. నాలుగున్నరకి లీడ్ సార్‌కి ఫోన్ చేసి, అన్నీ పాసయ్యాయి సార్, ఓకే పెట్టేస్తున్నాను అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "కోడ్‌లో ఏదైనా లైన్ తీసేసి నడిపి చూశావా?" అన్నారు. లేదన్నాను. "సోమవారం చూడు" అని పెట్టేశారు.

ఆ ఆదివారమంతా నాకు కాస్త కోపంగానే ఉంది. పాసైన టెస్ట్‌ని ఎందుకు ఫెయిల్ చేయాలి?

జూన్ 9, సోమవారం మొదలుపెట్టాను. కెర్నల్ కోడ్‌లో ఈ ఆపడం జరిగే ఫంక్షన్ నిజానికి చిన్నది, ఒక్క స్క్రీన్‌లో పడుతుంది. అందులోనూ, మా ప్యాచ్‌లోనూ కలిపి ఏడు చోట్లు గుర్తుపెట్టుకున్నాను. ఒక్కోసారి ఒక్క చోటే చెడగొట్టడం, బిల్డ్ చేయడం, 14 టెస్టులూ నడపడం, మళ్ళీ బాగుచేయడం. రెండు రోజులు పట్టింది. ఏడు తప్పులు పెడితే మూడింటినే పట్టుకున్నాయి. నాలుగుసార్లు కెర్నల్ తప్పుగా ఉన్నా పద్నాలుగుకి పద్నాలుగూ ఓకే. మొదటిసారి అలా వచ్చినప్పుడు పాత కెర్నలే బూట్ అయిందేమోనని రెండుసార్లు సరిచూసుకున్నాను. కాదు, చెడగొట్టిందే నడుస్తోంది.

ఆ నాలుగింట్లో ఒకటి వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇలాంటిది ఎవరి టెస్టుల్లోనైనా ఉంటుంది. సెలెక్టర్‌లో 0, 1 తప్ప ఇంకేదైనా ఉంటే కెర్నల్ ఆ ప్రోగ్రామ్‌ని సిగ్‌సిస్‌తో చంపేయాలి, హ్యాండ్లర్ ఉన్నా వినదు. దీనికి మావాడు రాసిన టెస్ట్ ఇలా ఉంది: ముందు డిస్పాచ్ ఆన్ చేశాడు, తర్వాత ఫోర్క్ చేశాడు, అంటే ప్రోగ్రామ్‌కి ఒక పిల్ల కాపీ పుట్టించాడు, పిల్ల ప్రాసెస్‌లో సెలెక్టర్‌ని 2 చేసి ఒక కాల్ చేశాడు. పిల్ల చావకుండా బతికి తర్వాతి లైన్‌కి వస్తే అది తప్పు కాబట్టి ఎగ్జిట్ కోడ్ 1 ఇస్తుంది. తల్లి ప్రాసెస్ చూసేది మాత్రం "పిల్ల స్టేటస్ సున్నా కాకపోతే పాస్" అని. ఇప్పుడు చూడండి. ఫోర్క్ అయిన ప్రాసెస్‌కి ఈ డిస్పాచ్ వారసత్వంగా రాదు, కెర్నల్ దాన్ని తుడిచేస్తుంది. అంటే పిల్లలో అసలు ఆపడమనేదే లేదు, సెలెక్టర్‌లో 2 కాదు 200 పెట్టినా ఏమీ అవదు. పిల్ల హాయిగా బతికి, నేను ఫెయిల్ అని 1 చెప్పి వెళ్ళిపోతోంది. తల్లి ఆ 1ని చూసి పాస్ అంటోంది. ఆ చెక్ ఉన్నా పాసే, తీసేసినా పాసే, చివరికి ఫోర్క్ దగ్గర తుడిచే లైన్ తీసేసినా పాసే. అది ఫెయిలయ్యే దారే లేదు.

ఇంకొకటి సరిహద్దు గురించి. ముట్టుకోవద్దని చెప్పిన చిరునామాల మధ్య కాల్ ఉందా లేదా అని కెర్నల్ చూస్తుంది కదా, అక్కడ "తక్కువ" గుర్తుని "తక్కువ లేదా సమానం" చేశాను, ఎవరూ పట్టుకోలేదు. ఎక్స్86 ప్రాసెసర్లలో సిస్‌కాల్ ఇన్‌స్ట్రక్షన్ రెండు బైట్లు, కెర్నల్ దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఉండేది దాని చిరునామా కాదు, దాని తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ చిరునామా. కాబట్టి హద్దులో చిట్టచివరి రెండు బైట్లలో ఉన్న కాల్ లోపల ఉన్నట్టే కనిపిస్తుంది గానీ కెర్నల్ లెక్కలో బయటే. హద్దు మొదలయ్యే ముందు ఆనుకుని ఉన్నదేమో లోపలిదవుతుంది. మా పొరలో లోపలి కోడ్‌కి మేమే హద్దులు వేస్తాం కాబట్టి ఇది పుస్తకాల్లో సందేహం కాదు, రేపు ఎవరో ఒకరి ఫ్యాక్టరీలో మెషిన్ ఆగిపోయే సంగతి. ఒక పేజీ తీసుకుని సరిగ్గా ఆ చివర సిస్‌కాల్ బైట్లు పెట్టి టెస్ట్ రాయమని అడిగాను.

సీఐ (టెస్టులను తనంతట తానే నడిపే ఆఫీసు వ్యవస్థ) సంగతి కూడా ఈ రెండు రోజుల్లోనే తెలిసింది. రెండు టెస్టులు అక్కడ అసలు నడవడమే లేదు. మా ప్యాచ్ లేని కెర్నల్ మీద అవి స్కిప్ అవుతాయి, స్కిప్ అయినా లైన్ "ఓకే" అనే మొదలవుతుంది, పక్కన స్కిప్ అని ఉంటుంది అంతే. మా స్క్రిప్ట్ ఓకేలు లెక్కపెట్టి పచ్చరంగు చూపిస్తోంది.

ఇక జూన్ 11, బుధవారం. ఈ రోజు కోసమే ఇదంతా రాస్తున్నానేమో.

ఇంట్లో ఉన్నాను, ఎంవీపీ కాలనీలో. వాన పడలేదు, ఉక్కపోత, రాత్రి తొమ్మిదికి కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఒక ఫ్యాను, లాప్‌టాప్. అప్పటిదాకా టెస్టులన్నీ ఆఫీసు స్క్రిప్ట్‌తోనే నడిపాను, అది అవుట్‌పుట్‌ని ఫైల్లోకి పంపిస్తుంది. ఆ రాత్రి ఎందుకో మొదటి టెస్ట్ ఒక్కదాన్నే, అన్నిటికన్నా సులువైనదాన్ని, నేరుగా టెర్మినల్‌లో నడిపాను. ఒక కాల్‌ని ఆపితే సిగ్‌సిస్ ఒక్కసారి వచ్చిందా అని చూసే టెస్ట్. పాసైంది. దాని పైన ఒక ఇంగ్లీషు లైన్ వచ్చింది, "లాక్డ్, ఇప్పుడు కాల్ చేస్తున్నాం" అని అర్థం వచ్చేది.

లాక్డ్ ఏమిటి? ఈ టెస్ట్‌లో లాక్ ఎక్కడిది? టెస్ట్ ఫైల్లో ఆ లైన్ కోసం వెతికాను, లేదు. ప్యాచ్ మొత్తం వెతికాను, లేదు. కెర్నల్ ఏదైనా లాక్ హెచ్చరిక ఇస్తోందా అని కెర్నల్ లాగ్ చూశాను, ఏమీ లేదు. పదకొండున్నర అయింది. ఫైల్లోకి పంపి నడిపాను, ఆ ఫైల్ తెరిచాను. అందులో "బ్లాక్డ్" అని ఉంది. మళ్ళీ టెర్మినల్‌లో నడిపితే "లాక్డ్". ఇంగ్లీషులో రాస్తే రెండిటికీ తేడా మొదటి అక్షరం 'బి' ఒక్కటే. ఒకే ప్రోగ్రామ్, స్క్రీన్ మీదకొచ్చేసరికి ఒక అక్షరం తినేస్తోంది. టెర్మినల్ పాడైందేమో అనుకుని ఇంకో టెర్మినల్ తెరిచాను. అక్కడా 'బి' లేదు.

ఒంటిగంటకి స్ట్రేస్ (ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్ చూపించే టూల్) పెట్టి నడిపాను. సిగ్‌సిస్ వచ్చిన లైన్ దగ్గర, ఏ కాల్ వల్ల వచ్చిందో కూడా చూపిస్తుంది. మా టెస్ట్ ఆపాల్సింది అసలు లేని ఒక పెద్ద నంబర్ కాల్‌ని. అక్కడ చూపిస్తున్నది రైట్, స్క్రీన్ మీద రాసే కాల్. ఎక్స్86-64లో దాని నంబర్ 1. దాని వెంటనే కింద ఇంకో రైట్, 'బి' లేని మాటతో.

అప్పుడు అర్థమైంది. మావాడు సెలెక్టర్‌ని 1 చేశాక, అసలు కాల్ చేసే ముందు, చూసుకోవడానికి ఒక ప్రింట్‌ఎఫ్ (స్క్రీన్ మీద మాట చూపించే ఫంక్షన్) పెట్టుకున్నాడు. ప్రింట్‌ఎఫ్ కూడా చివరికి రైట్ కాలే చేస్తుంది. ఆ రైట్‌ని కెర్నల్ ఆపేసి సిగ్‌సిస్ పంపింది. హ్యాండ్లర్ లెక్క ఒకటి పెంచి, వెనక్కి రావాలి కాబట్టి సెలెక్టర్‌ని 0 చేసి వచ్చేసింది. ఆపేసిన కాల్‌కి జవాబు ఎవరూ పెట్టలేదు కదా, ఎక్స్86లో కాల్ నంబర్ ఉండే రిజిస్టరూ (ప్రాసెసర్ లోపలి చిన్న గది) జవాబు ఉండే రిజిస్టరూ ఒకటే, కాబట్టి రైట్‌కి వచ్చిన జవాబు 1. లైబ్రరీ ఆ 1ని చూసి, ఓహో ఒక అక్షరం రాశారు, మిగతాది నేను పంపాలి అనుకుని రెండో అక్షరం నుంచి మళ్ళీ రాసింది. 'బి' అలా పోయింది. ఫైల్లోకి పంపినప్పుడు ప్రింట్‌ఎఫ్ వెంటనే రాయదు, బఫర్‌లో దాచుకుని తర్వాత ఒకేసారి రాస్తుంది, అందుకే అక్కడ బాగానే ఉంది.

అక్షరం పోతే పోయింది. సెలెక్టర్ 0 అయిపోయింది కదా, తర్వాత వచ్చిన అసలు కాల్‌ని ఎవరూ ఆపలేదు. అది నేరుగా కెర్నల్లోకి వెళ్ళి అలాంటి కాల్ లేదన్న ఎర్రర్ తెచ్చుకుంది, ఆ ఎర్రర్‌ని టెస్ట్ చూడలేదు. సిగ్‌సిస్ ఒక్కసారి వచ్చిందా? వచ్చింది. పాస్. ఏ కాల్ కోసం వచ్చిందని అడగలేదు. అన్నిటికన్నా సులువైన టెస్ట్, నేను శుక్రవారం సాయంత్రం ఒక్క నిమిషం కూడా చూడని టెస్ట్. అమ్మ మంచినీళ్ళకి లేచి, "ఇంకా పడుకోలేదా తల్లీ, కళ్ళు పోతాయి" అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. సంతోషమూ ఉంది, భయమూ ఉంది. ఆ 'బి' గనక స్క్రీన్ మీద పడి ఉంటే నేను ఓకే పెట్టేసేదాన్నే.

జూన్ 13, శుక్రవారం రాత్రి 7:40కి 31 కామెంట్లు పంపాను. పంపాక తృప్తిగా బండి వేసుకుని బీచ్ రోడ్డు మీదుగా ఇంటికి వచ్చాను, జోడుగుళ్ళపాలెం దగ్గర ఆగి మొక్కజొన్న పొత్తు కూడా తిన్నాను.

సోమవారం జవాబు లేదు. మంగళవారం లేదు. మావాడు ఎదురు బల్ల దగ్గరే కూర్చుంటాడు, గుడ్ మార్నింగ్ అక్కా అంటాడు, అంతే. నేను తిరిగి నా కామెంట్లు చదువుకున్నాను. ఒకదాంట్లో "ఇది దేన్నీ టెస్ట్ చేయడం లేదు" అని ఉంది. ఇంకోదాంట్లో ఒక్క ప్రశ్నార్థకం గుర్తు మాత్రమే పెట్టాను. రాసేటప్పుడు తప్పనిపించలేదు. చదువుతుంటే నాకే మొహం వేడెక్కింది.

జూన్ 18, బుధవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో వడ్డించే పెద్దావిడ, "ఏటమ్మా, మొకం అలాగెట్టావు, తినలేదా?" అంది. ప్లేటు పట్టుకుని వాడి ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను. కోపం వచ్చిందా అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మూడు వారాలు కూర్చుని రాశానక్కా, దేన్నీ టెస్ట్ చేయడం లేదంటే ఎలా?" అన్నాడు. నిజమే. తప్పు అలా రాయడంలో ఉంది, సారీ అన్నాను. తిన్నాక వాణ్ణి నా సిస్టమ్ దగ్గర కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా టెర్మినల్‌లో ఆ మొదటి టెస్ట్ నడిపించాను. లాక్డ్ అని వచ్చింది. వాడు రెండు నిమిషాలు స్క్రీన్‌నే చూసి, "అక్కా, రైట్‌ని ఆపేస్తున్నాం" అన్నాడు. నాకు మొత్తం రాత్రి పట్టింది, వాడికి రెండు నిమిషాలు. కోడ్ రాసినవాడు వాడు కదా. 31 కామెంట్లు రాసే బదులు ఇలా ఐదు చూపించి ఉంటే ఆ ఐదు రోజులు మిగిలేవి.

ఆ వారం 21న యోగా డే, ప్రధాని వస్తున్నారు, ఆర్‌కే బీచ్ నుంచి భోగాపురం దాకా ఏర్పాట్లు. బీచ్ రోడ్డు మీద తిరగడం కష్టమని శుక్రవారం అందరం ఇంటి నుంచే పని చేశాం. ఆ రోజు మేమిద్దరం నాలుగు గంటలు కాల్‌లోనే ఉన్నాం. వాడు తనంతట తానే ఐదో రంధ్రం కనిపెట్టాడు: సిగ్‌సిస్ సెక్‌కాంప్ (సిస్టమ్ కాల్స్‌ని వడకట్టే ఇంకో కెర్నల్ సౌకర్యం) వల్ల కూడా వస్తుంది, సిగ్నల్‌తో వచ్చే కోడ్ చూస్తే గానీ ఎవరు పంపారో తెలియదు, సెక్‌కాంప్‌ది అయితే 1, డిస్పాచ్‌ది అయితే 2. వాడి హ్యాండ్లర్ ఆ కోడ్ చూడటం లేదు. రెండూ కలిపి ఆన్ చేసి, డిస్పాచే ముందు వస్తుందని తేల్చే టెస్ట్ ఒకటి అదనంగా రాస్తానన్నాడు.

జూన్ 23, సోమవారం నా తప్పొకటి బయటపడింది. 17వ కామెంట్‌లో, సెలెక్టర్‌గా మ్యాప్ కాని (వెనక మెమరీ పేజీ లేని) చిరునామా ఇస్తే ఆన్ చేసే కాల్ అప్పుడే ఈఫాల్ట్ (చెల్లని చిరునామా అనే ఎర్రర్) అనాలి, ఆ టెస్ట్ లేదు అని గట్టిగా రాశాను. వాడు నడిపి చూపించాడు: అనదు. ఆ సమయంలో కెర్నల్ చూసేది చిరునామా యూజర్ వైపుదా కాదా అన్నది మాత్రమే, అక్కడ పేజీ ఉందా లేదా అని చూడదు. పేజీ లేకపోతే ఆ తర్వాత మొదటి సిస్టమ్ కాల్ దగ్గర ప్రోగ్రామ్ సిగ్‌సెగ్వ్ అనే సిగ్నల్‌తో చస్తుంది. వాడు చెప్పింది కరెక్ట్. ఆ కామెంట్ వెనక్కి తీసుకుంటున్నానని దాని కిందే రాసి, చచ్చే సంగతికి టెస్ట్ పెట్టమన్నాను. ఆ రోజు నుంచి వాడు నాతో గట్టిగా వాదించడం మొదలుపెట్టాడు, పని కూడా వేగంగా సాగింది.

జూన్ 30న రెండో వెర్షన్ వచ్చింది, 19 టెస్టులు. నా ఏడు తప్పులూ మళ్ళీ పెట్టాను, ఏడూ పట్టుకున్నాయి. ఇక అయిపోయిందనుకున్నాం. ఎందుకైనా మంచిదని రాత్రి వెయ్యిసార్లు నడిచేలా పెట్టి పడుకున్నాను, పొద్దున్నే చూస్తే ఆరుసార్లు ఫెయిల్. ఆరూ ఒకే టెస్ట్, థ్రెడ్లది. డిస్పాచ్ ఏ థ్రెడ్‌లో ఆన్ చేస్తే ఆ థ్రెడ్‌కే, పక్క థ్రెడ్‌కి అంటకూడదు, దాన్ని చూసే టెస్ట్. మొదటి థ్రెడ్ ఆన్ చేసేదాకా రెండోది ఆగాలి కాబట్టి వాడు ఒక మిల్లీసెకన్ నిద్ర పెట్టాడు. వర్చువల్ మెషిన్‌కి ఒక్క సీపీయూ ఇచ్చి నడిపితే మూడుసార్లలో ఒకసారి ఫెయిలైంది. నిద్ర పెంచితే ఫెయిలవడం తగ్గుతుంది గానీ పోదు, దానికి నేను ఒప్పుకోలేదు.

నిద్ర తీసి బ్యారియర్ (థ్రెడ్లన్నీ వచ్చేదాకా ఆపే గేటు లాంటిది) పెట్టాడు జులై 4న. టెస్ట్ అడ్డదిడ్డంగా ప్రవర్తించింది. కారణం అదే పాత కథ, బ్యారియర్ లోపల ఫ్యూటెక్స్ అనే సిస్టమ్ కాల్ ఉంది, సెలెక్టర్ 1గా ఉన్నప్పుడు దాన్నీ ఆపేస్తున్నాం. యీల్డ్ చేద్దామంటే, అంటే సీపీయూని పక్క థ్రెడ్‌కి వదులుదామంటే, అదీ సిస్టమ్ కాలే. చివరికి ఒక అటామిక్ వేరియబుల్ (రెండు థ్రెడ్లు ఒకేసారి తాకినా చెడనిది) పెట్టి, అది మారేదాకా ఊరికే తిరుగుతూ ఉండే లూప్ రాశాడు. చూడ్డానికి అందంగా లేదు, ఒక్క సీపీయూ మీద ఆ టెస్ట్ కాస్త నెమ్మదిస్తుంది కూడా. అక్కడ అంతకంటే దారి లేదు, ఎందుకు లేదో రెండు లైన్ల కామెంట్ మాత్రం పెట్టించాను, లేకపోతే ఆరునెలల తర్వాత ఎవరో వచ్చి దాన్ని బ్యారియర్‌గా "బాగు" చేస్తారు. జులై 8, మంగళవారం నాటికి ఐదువేల రన్లు, ఫెయిల్ సున్నా.

ఆ రోజే నేను ఓకే పెట్టేదాన్ని, కమిట్ మెసేజ్‌లో (మార్పుతో పాటు రాసే వివరణలో) ఒక పేరా సరిచేయాల్సి ఉంది. 9న వాడు సెలవు, సింహాచలం గిరి ప్రదక్షిణకి వాళ్ళ అమ్మగారితో వెళ్ళాడు, 32 కిలోమీటర్లు. 10న కుంటుకుంటూ వచ్చాడు, కుర్చీలోంచి లేవకుండా మెసేజ్ మార్చి పంపాడు, నాకో ప్రసాదం పొట్లం ఇచ్చాడు. నాలుగు గంటలకి నా పేరుతో రివ్యూ చేసినట్టు లైన్ పెట్టాను. పెట్టే ముందు అలవాటుగా ఒకసారి టెర్మినల్‌లో మొదటి టెస్ట్ నడిపాను. ప్రింట్‌ఎఫ్ తీసేశాడు కాబట్టి ఏ మాటా రాలేదు, ఓకే లైన్ ఒక్కటే వచ్చింది, పక్కన ఆపిన కాల్ నంబర్‌తో.

మొత్తం లెక్క చెప్పాలంటే, నా టైమ్ సుమారు 90 గంటలు, 3,400 రూపాయల ర్యామ్, బిల్డులు నూటికి పైనే. సీఐ స్క్రిప్ట్ ఇప్పుడు స్కిప్‌లని విడిగా లెక్కపెడుతుంది. 19 టెస్టుల్లో ఒకటి మాత్రం అక్కడ ఇంకా స్కిప్ అనే చూపిస్తోంది: 32 బిట్ ప్రోగ్రాముల్లో సిగ్‌రిటర్న్ వీడీఎస్ఓ (కెర్నల్ ప్రతి ప్రోగ్రామ్‌కీ తగిలించే చిన్న కోడ్) నుంచి వస్తే కెర్నల్ ఆపకుండా వదిలేయాలి, 64 బిట్ బిల్డ్‌లో ఆ లైన్ తీసేసినా ఏ టెస్టుకీ తెలియదు, 32 బిట్‌లో బిల్డ్ చేసి నడపాల్సిందే. దానికి కావలసిన లైబ్రరీలతో ఇమేజ్ నిన్న తయారైంది. ఈ రాత్రి ఆ లైన్ తీసేసి నడపడానికి పెట్టి ఇంటికి వెళ్తున్నాను.